బండి వయసు కాదు, తిరిగే రోడ్డు చూడండి

హైదరాబాద్ శివార్లలో, మేడ్చల్, శామీర్‌పేట వైపు ఇళ్లు కట్టుకున్న చాలామందికి ఇప్పుడు ఇదే తర్జనభర్జన. ఇంట్లో ఉన్న 2011 ఆల్టోకి క్లచ్ ప్లేట్లు, టైర్లు మార్పించి ఇంకో నాలుగేళ్లు లాగించాలా? అప్పు చేసి, ఎవరో వాడిన 2020 బండి కొనాలా? మెకానిక్ ఒకటంటాడు, బావమరిది ఇంకొకటంటాడు. ఇద్దరూ మైలేజీ దగ్గరే ఆగిపోతారు.

ఒక్క ఖర్చే చూస్తే పాత బండిదే గెలుపు. దాని అప్పు ఎప్పుడో తీరింది. దాని రోగాలన్నీ మనకు తెలుసు; కొనబోయేదాని రోగాలు అమ్మేవాడికే తెలుసు. పదిహేనేళ్లు నిండితే ఆర్‌సీ రెన్యువల్‌కి, గ్రీన్ ట్యాక్స్‌కి వేలల్లో అవుతుంది, నిజమే. కానీ ఆ రెన్యువల్ ఐదేళ్లకోసారి, ఈఎంఐ నెలనెలా. పైగా కేవలం వయసు చూసి సొంత కారును పక్కన పెట్టించే నిబంధన ఇక్కడ లేదు.

అయినా నా ఓటు అందరి విషయంలో పాత బండికి కాదు. ఇటు నాగపూర్ హైవే, అటు రాజీవ్ రహదారి. రెండింటి మీదా లారీల మధ్యే ప్రయాణం. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే వేగ పరిమితి 120. అక్కడ తేడా తెచ్చేది 2019. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్, జూలై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, అక్టోబరు నుంచి క్రాష్ టెస్ట్ ప్రమాణాలు తప్పనిసరి అయ్యాయి. వానలో గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా, స్టీరింగ్ చేతిలో ఉండేలా చూసేది ఏబీఎస్. 2011 నాటి బేసిక్ ఆల్టోలో అది లేదు.

అందుకే రోజూ ఔటర్ మీదుగా గచ్చిబౌలికి ఉద్యోగానికి వెళ్లేవాళ్లు బండి మార్చాల్సిందే. కొంపల్లి దాకా కూరగాయలకు వెళ్లొచ్చేవాళ్లకు పాతది చాలు; ఆ డబ్బు బ్రేకులకూ టైర్లకూ పెట్టండి.

కొనేవాళ్లు కార్పెట్ ఎత్తి, సీట్ల కింద బురద, తుప్పు చూడాలి. 2020 అక్టోబరు వరదల్లో నగరంలో ఎన్నో కార్లు మునిగాయి. అమ్మేవాళ్లు పేరు మార్పిడి పూర్తయ్యేదాకా వదలకూడదు. ఆర్‌సీలో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారం బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది.

బడ్జెట్ చాలకపోతే సన్‌రూఫ్ వదులుకోండి, టచ్‌స్క్రీన్ వదులుకోండి, చిన్న మోడల్‌కు దిగండి. తయారీ తేదీ మాత్రం 2019 అక్టోబరు కంటే వెనక్కి పోనివ్వకండి.