మ్యాచ్ ఆగింది, కట్టిన పైసల సంగతేంటి?

2025 మే 8న ధర్మశాలలో పంజాబ్–ఢిల్లీ మ్యాచ్ మధ్యలోనే ఆగిపోయింది. భారత్–పాక్ ఉద్రిక్తతలతో మర్నాడు ఐపీఎల్‌నే వాయిదా వేశారు. మే 17న మళ్లీ మొదలైంది. మే 25న జరగాల్సిన ఫైనల్ జూన్ 3న జరిగింది.

మే 10న ఉప్పల్‌లో జరగాల్సిన హైదరాబాద్–కోల్‌కతా మ్యాచ్ టికెట్ల డబ్బు వాపస్ ఇస్తామని సన్‌రైజర్స్ ప్రకటించింది. మరి నడిగూడెంలో ఇంటిల్లిపాదీ ఒక్క ఫోన్ ముందు కూర్చుని చూసేవాళ్ల సంగతి? మే 25 దాకా సరిపోతే చాలని ప్యాక్ వేయించుకున్నవాళ్లు ఫైనల్ కోసం మళ్లీ పైసలు కట్టాల్సిందే.

టికెట్ ఒక్క మ్యాచ్‌కు, సబ్‌స్క్రిప్షన్ ఇన్ని రోజులకని. సినిమాలు, సీరియళ్లు వస్తూనే ఉన్నాయి, వాయిదా మా చేతిలో లేదు అని కంపెనీ అనొచ్చు. ఆ వాదనను కొట్టిపారేయలేం. కానీ క్రికెట్ చూపించే ప్యాక్ అమ్మినప్పుడు, ఆట ఆగిన రోజుల బరువంతా కొన్నవాళ్ల మీదే వేయడం న్యాయం కాదు. అందుకే పూర్తి వాపస్ కన్నా, ఆగినన్ని రోజులు గడువు పెంచమని అడగడమే గట్టిగా నిలిచే కోరిక.

రశీదు, గడువు తేదీ, ప్యాక్ ప్రకటన స్క్రీన్‌షాట్ దాచుకోండి. ముందు కంపెనీకి రాసి పంపండి. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. 2019 చట్టం ప్రకారం మనం ఉండే చోటి జిల్లా కమిషన్‌లోనే రెండేళ్లలోపు ఫిర్యాదు వేయొచ్చు. ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు.

ఒక్క ఇంటికి అది వందో, నూటయాభయ్యో. లక్షల ఇళ్లకు లెక్కేస్తే చిన్నది కాదు. అడిగేవాళ్లుంటేనే వాయిదా పడితే ఏం చేస్తారన్నది షరతుల్లోకి ఎక్కుతుంది.