బకెట్ కోసం ఆదాయ సర్టిఫికెట్టా?

పోస్టు పెద్దదే. తిట్టాలనిపిస్తే చివరిదాకా చదివి తిట్టండి.

పోయిన నెల కాలేజీలో యాప్ ఐడియాల పోటీ పెడితే మా హాస్టల్ నుంచి నలుగురం వెళ్లాం. మాది చిన్న ఐడియా. వాడకుండా పడున్న వస్తువుని ఇరుగుపొరుగు వాళ్లకి ఊరికే ఇచ్చేయడానికి ఒక యాప్. అమ్మేది లేదు, కొనేది లేదు. లోకానికి ఇది కొత్త కాదు. అమెరికాలో ఫ్రీసైకిల్ 2003లోనే మొదలైంది, బై నథింగ్ 2013లో. మాకు మాత్రం ఈ ఆలోచన మా హాస్టల్ వెనక గోడ దగ్గర పుట్టింది. ఏటా వేసవికి ఫైనలియర్ వాళ్లు ఖాళీ చేసి వెళ్తూ బకెట్లు, చాపలు, ల్యాబ్ కోట్లు అక్కడ పడేస్తారు. పుస్తకాలు పాత పేపర్ల వాడు కిలోల లెక్కన తూచి పట్టుకుపోతాడు. రెండు మూడు నెలలు తిరక్కుండా పాడేరు నుంచి, జి.మాడుగుల నుంచి, ముంచింగిపుట్టు నుంచి కొత్త పిల్లలు ట్రంకుపెట్టెలతో దిగుతారు. మిరియాలు అమ్మిన డబ్బులు నాన్న లుంగీ మడతలోంచి తీసి ఇస్తే అవే పుస్తకాలు, అదే కాలిక్యులేటర్ కొత్తవి కొంటారు. ఒక గదిలో మంచం కింద డ్రాఫ్టర్ తుప్పు పడుతుంటే పక్క గదిలోవాడు అప్పు చేసి ఇంకోటి కొంటున్నాడు. మాలో ఇద్దరం అలా కొన్నవాళ్లమే.

పోటీలో మార్కులు వేసే పెద్దమనిషికి ఐడియా నచ్చింది. నచ్చి, మూడు మార్పులు చెప్పారు. తీసుకునేవాడు నిజంగా పేదవాడేనని రుజువు పెట్టాలి. కుల సర్టిఫికెట్, ఆదాయ సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయించాలి. వస్తువు చేతికిచ్చేటప్పుడు ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి. "దాతలకి తృప్తి ఉండాలి కదా బాబూ" అన్నారు. మేం కుదరదన్నాం. ప్రైజు రాలేదు. దాని గురించి మాకు బాధ లేదు.

బాధ ఎక్కడంటే, ఈ సంగతి మన గ్రూపులో చెప్పినప్పుడు మనవాళ్లే "ఫొటో తీస్తే ఏం పోయింది? వస్తువు వచ్చిందా లేదా?" అని రాశారు. ఈ పోస్టు వాళ్లకే.

ఏం పోయిందో చెబుతాం. మాలో ముగ్గురం ఒకే ఆశ్రమ పాఠశాలలో చదివాం. ఏడో తరగతిలో, డిసెంబర్ చలిలో, కార్లలో వచ్చినవాళ్లు దుప్పట్లు పంచారు. బ్యానర్ ముందు నిలబెట్టారు. మొదటి ఫొటోలో ఎండ కంట్లో పడి ముఖాలు చిట్లించామని మళ్లీ నిలబెట్టారు. దుప్పట్లు తక్కువొచ్చాయి, కానీ ఫొటోలు తక్కువ రాలేదు. ఒకే దుప్పటిని ముగ్గురి చేతుల్లో మార్చి మార్చి పెట్టి తీశారు. ఆ దుప్పటి చివరికి ఎవరికి దక్కిందో మా ముగ్గురికీ గుర్తులేదు. నవ్వమన్నది మాత్రం గుర్తుంది. బట్టల మూటలో జిప్పు పోయిన ప్యాంట్లు, ఒంటి చెప్పు, ఇంకా మెరుపుల పెళ్లి లెహంగా ఒకటి వచ్చాయి. ఆ లెహంగా మీద మాలో ఒకడి అమ్మ రెండేళ్లు పసుపు కొమ్ములు ఆరబోసింది. పనికొచ్చింది ఆ ఒక్కటే.

ఆ సార్ చెప్పినట్టు ఫారం కాగితం మీద గీసి చూశాం. ఇచ్చేవాడు నింపాల్సిన గళ్లు మూడు. తీసుకునేవాడికి పదకొండు. పాత బకెట్ కోసం! అడ్మిషన్‌కి, స్కాలర్‌షిప్‌కి, హాస్టల్‌కి ఇవే కాగితాలు పట్టుకుని తిరిగి తిరిగి అరిగిపోయాం. అక్కడంటే ప్రభుత్వం డబ్బు, లెక్క ఉండాలి, సరే. పక్క గదివాడి బకెట్‌కి కూడానా?

"ఉన్నవాడే పట్టుకుపోతే?" అని ఇంకొకరు అడిగారు. పోనీండి. గోడ పక్కన ఎండి పగిలేకంటే అదే నయం. ఒకడే అన్నీ పోగెయ్యకుండా నెలకి మూడు వస్తువులే అని పెడితే చాలు.

మన ఊళ్లలో చోడి విత్తనం అయిపోయినవాడు పక్కింటికెళ్లి అడుగుతాడు. నీకెంత భూమి ఉంది, కాగితం చూపించు అని అక్కడెవరూ అడగరు. ఈ ఏడు అడిగినవాడి ఇంటికే వచ్చే ఏడు ఇచ్చినవాడు వెళ్లొచ్చు. అందుకే మా యాప్‌లో దాతల పేజీ ఒకటి, పేదల పేజీ ఒకటి అని లేవు. 'ఇస్తాను', 'కావాలి' అనే రెండు బటన్లూ అందరికీ ఉంటాయి. గూంజ్ సంస్థ గురించి మన గ్రూపులో చాలామందికి తెలుసు. అన్షు గుప్తా 1999లో మొదలుపెట్టారు, 2015లో మెగసెసే అవార్డు వచ్చింది. వాళ్లు కూడా పట్నం బట్టల్ని దానంగా పంచకుండా, ఊరివాళ్లు తమ ఊరికే చేసుకున్న పనికి ప్రతిఫలంగా ఇచ్చే పద్ధతి తెచ్చారు. అంటే ఇది మా నలుగురి పొగరు మాత్రమే కాదు.

అసలు తలనొప్పి వేరే ఉంది. ఒక వస్తువుకి పదిమంది 'కావాలి' అంటే ఎవరికివ్వాలి? ముందొచ్చినవాడికే అంటే ఫైవ్‌జీ ఉన్నవాడే అన్నీ కొట్టేస్తాడు. సెలవుల్లో ఊళ్లో ఉన్నవాడు సాయంత్రం గుట్టెక్కి సిగ్నల్ పట్టుకునేసరికి అన్నీ అయిపోతాయి. బై నథింగ్‌లో ఎవరికివ్వాలో ఇచ్చేవాళ్లే ఎంచుకుంటారు. ఇక్కడ అది పెడితే ఇంటిపేరు చూసి ఎంచుకుంటారు. మనలో మనం కూడా, భగతలా కొండదొరలా కోదులా అని చూడమా? నిజం చెప్పండి. అందుకని మూడు రోజులు ఆగి చీటీ తీయడమే అనుకున్నాం. చీటీ తీసేదాకా పేర్లు కనపడవు. ఫోన్ నంబరు ఎప్పుడూ కనపడదు. అమ్మాయిల హాస్టల్ వాళ్లు మొదటిరోజే చెప్పేశారు, నంబరు కనిపిస్తే డౌన్‌లోడే చేయమని. వస్తువు వాచ్‌మన్ బల్ల దగ్గర పెట్టాలి, అక్కడే తీసుకోవాలి. ఇచ్చినవాడు, తీసుకున్నవాడు ఎదురుపడక్కర్లేదు. కువిలో, ఆదివాసీ ఒడియాలో కూడా చదివి వినిపించేలా చేయాలని ఉంది గానీ, అది మా వల్ల ఇప్పట్లో కాదు.

నిజానికి యాప్ కూడా ఇంకా అవ్వలేదు. మా నలుగురిలో కోడింగ్ వచ్చినవాడు ఒక్కడే, వాడికి రెండు సబ్జెక్టులు బ్యాక్‌లాగ్. అందుకని ఈ వేసవికి వాచ్‌మన్ అన్న బల్ల మీద ఒక రిజిస్టర్ పెట్టాం, మెట్ల కింద ఒక అలమర. నిన్నటికి చాపలు రెండు, ల్యాబ్ కోట్లు ఐదు, డ్రాఫ్టర్ ఒకటి వచ్చాయి. డ్రాఫ్టర్‌కి తొమ్మిది మంది చీటీలు వేశారు, పేర్లు మడిచి డబ్బాలో ఉన్నాయి. ఎల్లుండి సాయంత్రం ఆరింటికి తీస్తాం. దానికి ఒక స్క్రూ లేదు. ఎవరి దగ్గరైనా ఉంటే ఈలోపు పట్టుకురండి.