కాపరి చెయ్యెత్తితే బండి ఆపండి!

బందరు, గుడివాడ, దివిసీమ రోడ్ల మీద లారీ, బస్సు, కారు, ఆటో, బైకు నడిపే అన్నలారా, తమ్ముళ్లారా, అక్కచెల్లెళ్లారా!

మన రోడ్లు చాలావరకు కాలువ గట్ల మీదివే. ఒక పక్క బందరు కాలువో రైవస్ కాలువో, ఇంకో పక్క దమ్ము చేసిన చేలు. ఎదురుగా గేదెల మంద వస్తుంటే మీరు హారను కొడతారు. బెదిరిన గేదె ఎటు పోవాలి? అయితే నీళ్లలోకి, లేకపోతే మీ బండి మీదికి. తోలుకొచ్చే మనిషి మంద వెనక ఉంటాడు, ముందున్నదాన్ని ఆపడం ఆయన చేతిలో లేదు. అందుకే మంద కనపడగానే దూరం నుంచే వేగం తగ్గించండి, హారను జోలికి పోకండి. తల్లి అవతలికి దాటి దూడ ఇవతల ఉండిపోతే, ఆ దూడ మిమ్మల్ని చూడదు, తల్లి కోసం అడ్డంగా పరుగెత్తుతుంది. అది దాటేదాకా ఆగండి.

ఎడ్లబండ్లు తగ్గిపోయాయి. కొత్తగా స్టీరింగు పట్టిన కుర్రాళ్లకు ఎద్దు సంగతి తెలియకపోవడం అందువల్లే. ఎద్దుకు పక్కలు బాగా కనపడతాయి, సరిగ్గా వెనక ఏముందో కనపడదు. వెనకే ఆనుకొచ్చి ఒక్కసారిగా హారను మోగిస్తే దాపటి ఎద్దు పక్కకు లాగుతుంది, కాడి మెలిపడుతుంది, గడ్డి మోపుల మీద కూర్చున్న మనిషి రోడ్డు మీద పడతాడు. గడ్డి బండిని దాటేటప్పుడు చక్రాలను కాదు, గడ్డి ఎంత వెడల్పుందో చూసుకుని దాటండి. దాటీదాటగానే బండిని ఎడ్ల ముందుకు తిప్పకండి.

సంక్రాంతికి గుడివాడలో ఎడ్ల పోటీలంటే ఎగబడి చూస్తాం. అదే ఎద్దు బరువు లాగుతూ రోడ్డు మీద ఎదురైతే విసుక్కుంటాం. ఇది మనకు తగదు.

పెళ్లి ఊరేగింపులో గుర్రం కనపడితే లైట్లు డిమ్ చేసి ఆగండి. డప్పుల మోతకు అది అప్పటికే బెదిరి ఉంటుంది. దాని వెనక కాళ్ల పక్కనుంచి బైకు దూర్చకండి.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 1988 మోటారు వాహనాల చట్టం 132వ సెక్షను ప్రకారం, పశువు మీ వాహనానికి బెదిరి అదుపు తప్పుతుందని కాపరి ఆపమంటే మీరు ఆపి తీరాలి. గొడ్లు, గుర్రాలు, గాడిదలు, గొర్రెలు, మేకలు అన్నిటికీ ఇది వర్తిస్తుంది. చెయ్యెత్తిన ముసలాయన్ని తిట్టి దూసుకుపోవడం తప్పు, నేరం కూడా.

పశువులున్న రైతు సోదరులారా, మీకూ ఒక మాట. నల్ల గేదె తారు రోడ్డు మీద రాత్రిపూట దగ్గరికొచ్చేదాకా కనపడదు. పొద్దుగూకక ముందే మందను ఇంటికి తోలండి. కొమ్ములకు రేడియం టేపు చుట్టండి, బండి వెనక ఎర్ర రేడియం స్టిక్కరు అంటించండి. మందకు ముందొకరు, వెనకొకరు నడవండి.

దెబ్బ తగిలితే ఎవరూ వదిలేసి పోవద్దు. మనిషికైతే 108, పశువుకైతే 1962కి వెంటనే ఫోన్ చేయండి, వాళ్లొచ్చేదాకా అక్కడే ఉండండి.

ఇట్లు,
ఈ రోడ్ల మీద పశువులు తోలుకునేవాళ్లం, బండ్లు నడుపుకునేవాళ్లం