కొలవని గాలి ఎవరిది?

మా అమ్మ కోస్తాలోని ఓ పట్టణంలో ఇరవై రెండేళ్లుగా వీధులు ఊడుస్తోంది. తెల్లవారుజామున నాలుగున్నరకల్లా చీపురు పట్టుకుని రోడ్డు మీద ఉంటుంది. చెత్త ఎత్తడానికి ట్రాక్టర్ రాని రోజున మేస్త్రీ "అంటించెయ్యమ్మా" అంటాడు. ఎండుటాకులతో పాటు పాల ప్యాకెట్లు, కరెంటు తీగల తొడుగులు, తెగిన చెప్పులు కాలుతాయి. మంట ఆరేదాకా ఆమె ఆ పొగలోనే నిలబడాలి.

నేను ఢిల్లీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆ పొగలో ఏముంటుందన్నదే నా పరిశోధన. అందులో ఉండే సూక్ష్మ ధూళి కణాలను పీఎం 2.5 అంటాం. తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండని ఈ కణాలు ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లిపోతాయి. పీవీసీ లాంటి క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ సరిగా మండకుండా కాలితే డయాక్సిన్లు పుట్టి, ఈ కణాలకే అంటుకుంటాయి. తీగలోని రాగి ఆ చర్యను ఇంకా పెంచుతుంది. డయాక్సిన్ కొవ్వులో కరుగుతుంది. ఒంట్లో చేరింది సగానికి తగ్గడానికి 7 నుంచి 11 ఏళ్లు పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వీటిలో అత్యంత విషపూరితమైన టీసీడీడీని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది.

నా పరిశోధనాంశాన్ని కమిటీ ముందు పెట్టినప్పుడు ఒక సభ్యుడు నవ్వుతూ అడిగారు: "పొగకు కులం ఉంటుందా? మీ సమీకరణంలో అదెక్కడ కూర్చుంటుంది?" అప్పుడు నాకు జవాబు తోచలేదు. ఈ సంపాదకీయం ఆ జవాబే.

పొగకు కులం లేదు, నిజమే. నవంబర్‌లో ఢిల్లీ గాలి మంత్రి ఇంట్లోకీ వెళ్తుంది. కానీ ఆ ఇంట్లో గాలి శుద్ధి యంత్రం ఉంటుంది. చెత్త కుప్ప ఎక్కడ పడాలి, దాన్ని ఎవరు ఎత్తాలి, ఎవరు అంటించాలి అన్నవి మాత్రం గాలి తేల్చే విషయాలు కావు. ఊరికి ఏ దిక్కున మాదిగపల్లె ఉండాలో తేల్చినవాళ్లు గాలి ఎటు వీస్తుందో కూడా చూసుకున్నారని మా తాత అనేవాడు. 1927 మార్చిలో బాబాసాహెబ్ మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగింది అందరి నీటి మీద మన హక్కును చాటడానికి. నీటి విషయంలో కులం మనకు మంచినీళ్లు అందనివ్వలేదు. గాలి విషయంలో చెడ్డగాలిని వెతుక్కుని తెచ్చి మన ముంగిట పెట్టింది.

ఈ అన్యాయం కనిపించకపోవడానికి మొదటి కారణం కొలతలే. మన జాతీయ గాలి నాణ్యతా ప్రమాణాలు 2009లో వచ్చాయి. వాటిలో 12 కాలుష్యాలున్నాయి, డయాక్సిన్ లేదు. పీఎం 2.5కు మన వార్షిక పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది 5. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం నగరాలకు పెట్టిన లక్ష్యం కూడా అంతకన్నా పెద్ద కణాలైన పీఎం 10ని తగ్గించడమే. రోడ్డు దుమ్ము తగ్గితే మార్కులు పడతాయి. పొగ అలాగే ఉంటుంది.

చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంట్ల చిమ్నీలకు మాత్రం 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో డయాక్సిన్ పరిమితి పెట్టారు: ఘనపు మీటరుకు 0.1 నానోగ్రాము. కాగితం మీద ఇది కఠినమైన ప్రమాణమే. అయితే ఆ పరీక్షకు గంటల తరబడి నమూనా తీయాలి, ఖర్చు ఎక్కువ, చేయగల ప్రయోగశాలలు తక్కువ. చిమ్నీకి బిగించిన ఆన్‌లైన్ మీటర్లు డయాక్సిన్‌ను చూపించవు. పరీక్ష జరిగిన రోజుకు లెక్క ఉంటుంది, మిగతా రోజులకు ఉండదు.

ఢిల్లీ ఓఖ్లాలో ఇలాంటి ప్లాంట్ 2012 నుంచి నడుస్తోంది. పక్కనున్న సుఖ్‌దేవ్ విహార్ వాసులు ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడారు. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ 25 లక్షల రూపాయల పరిహారం కట్టమంది కానీ ప్లాంట్‌ను నడవనిచ్చింది. ఆ కాలనీవాళ్ల పోరాటం న్యాయమైనదే. లాయర్లు, చిరునామాలు, సంఘాలు ఉన్నవాళ్లకే దక్కింది ఇంత అయితే, అదే నగరంలో చెత్త ఏరుకుని బతికే దళిత, ముస్లిం కుటుంబాల తరఫున కేసు ఎవరు వేస్తారు? చిమ్నీ పొగకు కనీసం ఒక ప్రమాణముంది. వీధి చివరి మంటకు అదీ లేదు.

ఉన్నది జరిమానా. బహిరంగంగా చెత్త కాల్చితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాల్చితే 25,000 అని అదే ట్రిబ్యునల్ 2016 డిసెంబర్‌లో దేశమంతటికీ ఆదేశమిచ్చింది. నిషేధం మంచిదే. కానీ అగ్గిపుల్ల ఎవరి చేతిలో ఉంటే నేరం వాళ్లదే అవుతుంది. ట్రాక్టర్ పంపనివాడు, తడిపొడి చెత్త కలిపి పారేసిన ఇంటివాడు లెక్కలోకి రారు.

1976లో ఇటలీలోని సెవెసో దగ్గర ఒక రసాయన కర్మాగారం నుంచి డయాక్సిన్ మేఘం వెలువడింది. అక్కడి ప్రజల రక్త నమూనాలను భద్రపరిచారు, దశాబ్దాల పాటు వాళ్ల ఆరోగ్యాన్ని గమనించారు. డయాక్సిన్ గురించి ప్రపంచానికి తెలిసినదాంట్లో చాలా భాగం ఆ మనుషుల నుంచే వచ్చింది. రోజూ కొద్దికొద్దిగా అదే విషం పీల్చే మన పారిశుద్ధ్య కార్మికుల రక్తం ఏ ఫ్రీజర్‌లోనూ లేదు.

కాబట్టి పరిశోధక మిత్రులతో, అధ్యాపకులతో ఒక మాట. డయాక్సిన్ శరీరంలోకి ఎక్కువగా ఆహారం ద్వారానే చేరుతుంది. అందుకే డంపింగ్ యార్డుల చుట్టూ మట్టిని, పెరటికోళ్ల గుడ్లను పరీక్షించాలి. గాలి కొలిచే యంత్రాలు బస్తీల్లోకి రావాలి. కాంట్రాక్టు కార్మికులతో సహా పారిశుద్ధ్య సిబ్బంది అందరికీ ఆరోగ్య రిజిస్టర్ ఉండాలి. జనగణనలో కులాన్ని లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. ఆ లెక్కలు వార్డుల వారీగా బయటికొస్తే గాలి లెక్కల పక్కన పెట్టి చూడొచ్చు. నా సమీకరణంలో కులం కూర్చునే చోటు అదే.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు అమ్మ అడిగింది: "నీ పుస్తకంలో మన వీధి ఉందా నాన్నా?" ఉంది. నాలుగో అధ్యాయం పట్టికలో ఆమె ఊడ్చే వార్డు పేరు రాశాను. దాని ఎదురుగా డయాక్సిన్ గడి ఖాళీగా ఉంది. కొలిచినవాళ్లు లేరని చెబితే ఆమె కాసేపు దగ్గి, "మరి నువ్వు కొలుస్తావు కదా" అంది.