చర్చి ఖజానా, ఇచ్చేవాడి జిమ్మెదారీ



అమెరికాలో మార్మన్లు అని ఒక క్రైస్తవ జమాత్ ఉంది. యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీ వాళ్ల మర్కజ్. (మిగతా క్రైస్తవుల్లో చాలామంది వాళ్లని తమవాళ్లుగా ఒప్పుకోరు, అది వేరే బహస్.) ప్రతి మెంబరూ తన ఆమదనీలో పదో వంతు చర్చికివ్వాలి. ఇవ్వకపోతే వాళ్ల టెంపుల్‌లో అడుగుపెట్టే ఇజాజత్ లేదు. కూలి చేసుకునే గరీబుకైనా అంతే, సేఠ్‌కైనా అంతే.

2019లో ఆ చర్చి పెట్టుబడుల సంస్థలో పనిచేసిన ఒకాయన హిసాబ్ బయటపెట్టాడు. పోగుపడిన దౌలత్ దాదాపు 10,000 కోట్ల డాలర్లట! 13 డొల్ల కంపెనీల పేర్లతో షేర్లు దాచినందుకు 2023లో అక్కడి స్టాక్ మార్కెట్ రెగ్యులేటర్ చర్చికీ, ఆ సంస్థకీ కలిపి 50 లక్షల డాలర్ల జుర్మానా వేసింది.

కరువు రోజుల కోసం దాచామంటారు చర్చి పెద్దలు. దాచడం గలత్ అని నేననను. యూసుఫ్ అలైహిస్సలాం కూడా ధాన్యం దాయించారు. కానీ కరువు రాగానే కొట్ల తలుపులు తెరిచారు. మరి వీళ్లు ఏ కరువు కోసం ఇంతిజార్ చేస్తున్నట్టు? ఇన్సాఫ్‌గా చెప్పాలంటే, 2023లో అవసరమున్నవాళ్ల కోసం 136 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టామని వాళ్ల రిపోర్టు. చిన్న మొత్తమేం కాదు. ఆ 10,000 కోట్ల పక్కన పెడితే మాత్రం వందకి ఒకటిన్నర కూడా రాదు.

ఇదంతా ఖజానా సంగతి. నా అసలు సవాల్ ఇచ్చేవాడి గురించి. "నేనిచ్చేశాను, ఇక చర్చి చూసుకుంటుంది" అనేవాడొకడు. "చర్చికి అంత ఉండగా నేనెందుకివ్వాలి" అనేవాడు ఇంకొకడు. ఇద్దరూ ఒకే చోటికి చేరుతున్నారు: పక్కింటి ఆకలితో నాకు వాస్తా లేదు! చర్చి షేర్లు పెరిగితే ఆ పక్కింటి పొయ్యి వెలుగుతుందా? మన దగ్గరా అంతే లెండి, చందా రసీదు చేతికి రాగానే హక్ అదా అయిపోయిందనుకునేవాళ్లు బోలెడు.

ఆ మార్మన్లలోనే నాకు నచ్చిన రివాజ్ ఒకటుంది. నెలకో ఆదివారం రెండు పూటలు పస్తుండి, ఆ తిండికయ్యే పైసలు గరీబుల కోసం ఇస్తారు. పదో వంతు లెక్క కాగితం మీద తేలిపోతుంది. ఇక్కడ అలా కాదు, ముందు తన కడుపు కాలాలి, తర్వాత చెయ్యి తెరవాలి. ఎవరి ఆకలి కోసం ఇస్తున్నాడో ఆ పూట మనిషికి యాదుంటుంది.

జేమ్స్ హంట్స్‌మన్ అనే ధనవంతుడు ఆ చర్చి వదిలేసి, తానిచ్చిన 50 లక్షల డాలర్లు వాపస్ ఇమ్మని 2021లో దావా వేశాడు. నా పైసలతో షాపింగ్ మాల్ కట్టారన్నది అతని షికాయత్. చర్చి ధోకా చేయలేదని 2025 జనవరిలో అప్పీలు కోర్టు తేల్చేసింది. ఆ డబ్బు చేతికొస్తే చర్చి బోధల వల్ల నలిగినవాళ్లకిస్తానని అప్పట్లో అన్నాడు. మంచి నియ్యతే. జేబులో మిగిలినదాంట్లోంచి ఇవ్వడానికైతే ఏ జడ్జి ఇజాజతూ అక్కర్లేదు కదా!