బతికినవారి సాక్ష్యం చాలదు

2020 ఏప్రిల్ తొలి వారం. చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలంలో రెండు కుటుంబాలవారు పిల్లలతో సహా ఉమ్మెత్త రసం తాగి ఆస్పత్రి పాలయ్యారు. ఉమ్మెత్తకాయ ముళ్లతో కరోనా వైరస్ బొమ్మలా ఉంటుంది కాబట్టి విరుగుడు కూడా అదేనని టిక్‌టాక్‌ వీడియోలో ఎవరో చెప్పారు. ఉమ్మెత్త విషమని పల్లెల్లో తెలియనివారు అరుదు. తెలిసి తెలిసి దాన్ని నోట్లో పోయించింది భయం.

చదువులేకపోవడం వల్లే ఇలా జరిగిందని సరిపెట్టుకుంటే పొరపాటు. దానికి కొద్ది రోజుల ముందే, 2020 మార్చి 20న, ఫ్రాన్స్‌లోని మార్సే నగరంలో వైద్య శాస్త్రవేత్త దిదియే రౌల్ట్ బృందం హైడ్రాక్సీక్లోరోక్విన్‌ కరోనాకు పనిచేస్తుందంటూ చిన్న అధ్యయనాన్ని ప్రచురించింది. మర్నాడే అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఆ మందును ట్విటర్‌లో ఆకాశానికెత్తారు. కీళ్లవాతం, లూపస్ రోగులు రోజూ వాడే ఆ మాత్ర వారికే దొరకకుండా పోయింది. మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కూడా వైద్య సిబ్బంది ముందుజాగ్రత్తగా వాడవచ్చని ఆ నెలలోనే సూచించింది.

ఆ అధ్యయనంలో మందు వేసుకున్నవారు 26 మంది. ఆరుగురిని లెక్కలోంచి తీసేశారు. ఆ ఆరుగురిలో ముగ్గురు ఐసీయూకు వెళ్లారు, ఒకరు చనిపోయారు. మిగిలినవారి సాక్ష్యం ప్రపంచమంతా చుట్టివచ్చింది. ఆ పత్రాన్ని పత్రిక ఉపసంహరించుకునేసరికి 2024 డిసెంబరు వచ్చింది.

సామాజిక మాధ్యమాల్లో మందుల ప్రచారమంతా నడిచేది ఈ దారినే. మన దేశ అధికారిక లెక్కల ప్రకారం కరోనా సోకినవారిలో వందకు 98 మందికి పైగా కోలుకున్నారు. అలాంటి జబ్బుకు వంద మందికి మిరియాల కషాయం ఇచ్చినా, నిమ్మరసం ముక్కులో పోసినా, ఏమీ ఇవ్వకపోయినా, దాదాపు అంతమందీ లేచి తిరుగుతారు. లేచినవారు తమకు తగ్గిందని నిజాయితీగానే చెబుతారు. పోయినవారు వీడియో పెట్టరు. వాట్సాప్‌లో మనకు చేరేది ఎప్పుడూ సగం లెక్కే.

2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో జరిగింది దీనికి పెద్ద ఉదాహరణ. నాటువైద్యుడు ఆనందయ్య కరోనాకు ఉచితంగా ఇచ్చిన మందు కోసం, రెండో ఉధృతి కోరలు చాచిన రోజుల్లో, వేలమంది ఒకచోట గుమిగూడారు. కంట్లో చుక్కలు వేయగానే ఆక్సిజన్ అందుకుందని చెప్పిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి వీడియో ఇంటింటికీ చేరింది. కొద్ది రోజులకే ఆయన ఆస్పత్రిలో కన్నుమూశారు. ఆ కబురు మొదటి వీడియో చేరిన ఇళ్లన్నిటికీ చేరిందా? ఆ నెలాఖరున రాష్ట్ర ప్రభుత్వం కంటి చుక్కలు మినహా మిగిలిన మందులకు అనుమతినిచ్చింది. ఆ అనుమతికి అర్థం హాని లేదనే. ఆ మాటే జనం చెవిలో ‘పనిచేస్తుంది’ అన్న మాటగా మారిపోయింది. ఆ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని వివరించాల్సిన నాయకులు చాలామంది మౌనంగా ఉండిపోయారు.

క్యూలో నిలబడినవారిని నిందించే హక్కు మనకు లేదు. ఆస్పత్రుల్లో పడక దొరక్క, ఆక్సిజన్ సిలిండర్ కోసం ఊరూరా తిరిగి, రెమ్‌డెసివిర్‌ను నల్లబజారులో కొన్న రోజులవి. తలుపులన్నీ మూసుకుపోయినప్పుడు తెరిచి ఉన్న ఒక్క గుమ్మం ముందు మనిషి నిలబడతాడు.

చవక మందుల్ని కంపెనీల కోసం తొక్కేస్తున్నారన్న ఆరోపణ కూడా అప్పట్లో బాగా తిరిగింది. బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరీక్ష దానికి సరైన జవాబు. లాటరీ పద్ధతిలో రోగుల్ని వర్గాలుగా విడదీసి, హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను 4,700 మందికి పైగా రోగుల్లో పోల్చి చూశారు. 28 రోజుల్లో మందు వాడినవారిలో 27 శాతం, వాడనివారిలో 25 శాతం చనిపోయారు. మేలు జరగలేదని తేలింది. అదే పరీక్ష డెక్సామెథసోన్ అనే పాత, చవక స్టెరాయిడ్ వెంటిలేటర్ మీద ఉన్నవారి మరణాలను మూడోవంతు తగ్గిస్తుందని 2020 జూన్‌లో తేల్చింది. మందు ధర ఎంత, ఏ వైద్యవిధానానిది అని ఆ పరీక్ష అడగదు. వాడినవారినీ వాడనివారినీ పక్కపక్కన పెట్టి, పోయినవారిని కూడా లెక్కిస్తుంది. నాటుమందుకైనా ఇదే గౌరవం దక్కాలి, ఇదే పరీక్ష జరగాలి.

మరో మహమ్మారి రాకముందే చేయాల్సిన పనులున్నాయి. ఊళ్లో నమ్మకం ఉన్న ఏఎన్ఎం, ఆశా కార్యకర్త చేతికి ఏ రోజుకారోజు సరైన సమాచారం తెలుగులో అందాలి. వదంతి తిరిగే వాట్సాప్ గ్రూపులోనే, అది తిరిగిన రోజే, ఆమె గొంతు వినపడాలి. కొత్త మందును సమర్థించే ముందు మంత్రులు, ప్రజాప్రతినిధులు పరీక్ష ఫలితం అడగాలి.

మన వంతు పని చిన్నది. ‘ఈ మందుతో తగ్గింది’ అన్న సందేశం వచ్చినప్పుడు, వాడినా తగ్గనివారు ఎందరని ఒక్క ప్రశ్న వేయండి. జవాబు లేకపోతే దాన్ని మరొకరికి పంపకండి. బైరెడ్డిపల్లెలో ఆ రసం తాగినవారిలో పిల్లలున్నారు.