"సార్‌ని పంపించండి మేడం, ఆయనకి చెప్తాం"

కారు షెడ్డులో ఈ మాట విననివాళ్ళు మనలో ఎవరైనా ఉన్నారా? ఆత్మకూరులో అయినా నెల్లూరులో అయినా ఇదే మాట. నడిపేది నేను, పెట్రోలు పోయించేది నేను, రిపేరు వస్తే ఆ నెల ఏ ఖర్చు తగ్గించాలో చూసుకునేదీ నేనే. చెప్పడం మాత్రం సార్‌కి! కారు గురించి నాకు తెలిసినంత కూడా తనకి తెలియదని ఆ సారే ఒప్పుకుంటారు, అది వేరే సంగతి.

ఈసారి గొడవ ఆక్సిజన్ సెన్సర్ గురించి. డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజను బొమ్మ వెలిగి ఆరట్లేదు. ఒక షెడ్డులో స్కానర్ పెట్టి, నిమిషంలో తేల్చేశారు. "సెన్సర్ పోయింది, సైలెన్సర్ దగ్గర క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా పోయుంటుంది, రెండూ మార్చేద్దాం." ఏం కోడ్ వచ్చింది అని అడిగాను. "అవన్నీ మీకెందుకు మేడం?" నేనిది రాసేది ఆ "మీకెందుకు" గురించే.

అదేం బ్రహ్మవిద్య కాదండీ. గ్యాస్ పొయ్యి మంట నీలంగా ఉంటే గాలి సరిగా కలుస్తోందని, పసుపుగా లేచి గిన్నె అడుగు మసిబారితే గాలి చాలట్లేదని మనం రోజూ కంటితో కనిపెడుతూనే ఉన్నాం. ఇంజను లోపలి మంట ఎవరికీ కనపడదు. అందుకని పొగ పోయే గొట్టంలో ఒక సెన్సర్ పెడతారు. మండాక ఎంత ఆక్సిజన్ మిగిలిందో అది చూసి కబురు చెప్తే, కంప్యూటర్ దాన్నిబట్టి పెట్రోలు తగ్గించడమో పెంచడమో చేస్తుంది. కిలో పెట్రోలుకి సుమారు 14.7 కిలోల గాలి ఉండాలి. 1976లోనే వోల్వో కార్లలో బాష్ సెన్సర్ వచ్చేసింది. చాలామంది మెకానిక్కుల కంటే వయసులో పెద్దది.

స్కానర్ చూపించే కోడ్ పార్టు పేరు కాదు, ఒక ఫిర్యాదు. పిల్లాడు కడుపునొప్పి అన్నాడని నేరుగా ఆపరేషన్ చేయించం కదా! మా కారులో ఉన్న కోడ్ పీ0135. ముందు సెన్సర్ హీటర్ సర్క్యూట్‌లో ఏదో తేడా ఉందని దాని అర్థం. ఆ సెన్సర్ మూడొందల డిగ్రీల దాకా వేడెక్కితే గానీ పనిచేయదు, అందుకే లోపల చిన్న హీటర్ ఉంటుంది. ఆ హీటరే కాలిపోయుండొచ్చు, ఫ్యూజ్ పోయుండొచ్చు, వైరు ఎలుక కొరికుండొచ్చు. ఫ్యూజ్ అయితే కొద్ది రూపాయల్లో పని అయిపోతుంది. కన్వర్టర్ మీద అనుమానం వస్తే వచ్చేది పీ0420, అది మా కారులో లేనే లేదు. ఉన్నా సరే, పైపులో ఎక్కడన్నా లీకుంటే బయటి గాలి చేరి సెన్సర్‌నే మోసం చేస్తుంది, ముందు అది చూడాలి.

నెల్లూరులో ఇంకో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ముందు ఫ్యూజ్ చూశాడు, బాగుంది. వైర్లు చూశాడు, కరెంటు వస్తోంది. సెన్సర్ ప్లగ్గు తీసి హీటర్ వైర్ల మీద మీటర్ పెట్టాడు. బాగున్న హీటరైతే కొన్ని ఓమ్‌లు చూపించాలి, ఇది ఏమీ చూపించలేదు. అంటే లోపల తెగింది. ఇదంతా పావుగంట పని, నాకు చూపిస్తూనే చేశాడు. ముందు సెన్సర్ ఒక్కటి మార్చి, కోడ్ చెరిపి, రోడ్డెక్కించి చూశాడు. లైటు మళ్ళీ రాలేదు. కన్వర్టర్‌ని ముట్టుకోలేదు. దానికి మొదటి షెడ్డు చెప్పిన డబ్బుతో మా పెద్దదాని ఒక టర్మ్ ఫీజు కట్టొచ్చు.

షెడ్డుల్లో పనిచేసే పిల్లలందరినీ నేను దొంగలనట్లేదు. చప్పుడు విని జబ్బు చెప్పగలవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. కానీ 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాక ఈ సెన్సర్లు లేని కొత్త పెట్రోలు కారు దొరకదు. తెలియకపోతే తెలియదని చెప్పొచ్చు, తప్పేం లేదు. ఊహని ఖాయం చేసి చెప్పడం, అదీ ఆడవాళ్ళకైతే ఇంకాస్త గట్టిగా చెప్పడం, నాకు మండేది అక్కడే.

"ఇంత చాకిరీలో ఇది కూడానా అక్కా?" అని మా పక్కింటావిడ అంది. స్పానర్ పట్టుకోమని నేను అనట్లేదు. కూరగాయల దగ్గర తూకం చూస్తాం, బంగారం దగ్గర హాల్‌మార్క్ చూస్తాం. షెడ్డులో మాత్రం "ఏం టెస్ట్ చేశారు?" అని అడగడానికి మొహమాటం ఎందుకు?

ఇంకో రకం వైద్యం కూడా ఉంది: కోడ్ చెరిపేసి పంపించడం. రెండు రోజులు హాయి, మూడో రోజు లైటు. ఈలోగా మైలేజీ పడిపోతుంది, ప్లగ్గులు మసిపడతాయి, బాగున్న కన్వర్టర్ కూడా నిజంగానే చెడొచ్చు. లైటు నిలకడగా వెలిగితే నెమ్మదిగా షెడ్డు దాకా పోవచ్చు. మిణుకుమిణుకుమంటే మాత్రం ఇంజను మిస్ అవుతోందని, పక్కకి ఆపేయాలి. పిల్లల్ని వేసుకుని ఉదయగిరి వైపు పోతూ నడిరోడ్డు మీద ఉన్నప్పుడు ఈ తేడా తెలియడం ఎంత అవసరమో నేను చెప్పక్కర్లేదు.

బిల్లు మీద కోడ్ రాయమనండి. రాయనంటే తాళాలు తీసుకుని వచ్చేయండి. పాత సెన్సర్ కూడా అడిగి తెచ్చుకోండి. దాని కొనకి నల్లటి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోందేమో, తెల్లటి పూత ఉంటే కూలెంట్ లోపలికి చేరుతోందేమో చూపించుకోవాలి. అది బాగుచేయకపోతే కొత్త సెన్సర్ కూడా అదే దారి పడుతుంది, మళ్ళీ అదే షెడ్డు, మళ్ళీ "సార్‌ని పంపించండి మేడం".